వేసవి విడిదిలో వాద్యఘోష

బడులు మూతవడిన వేసవిలో పదునాలుగు పదునైదేండ్ల పిల్లలకు గిటార్లును డ్రమ్ములును చేతికిచ్చి, వారము తిరుగునప్పటికి ఒక బ్యాండుగ గూడి సొంతపాటను వేదికపై వాయింపుడని చెప్పు వాడుక అమెరికాలో నేడు సామాన్యము. ఇది నిన్న మొన్న పుట్టిన వింతవలె తోచును గాని, దీని వేళ్లు రాక్ అను సంగీతమే లేని కాలమునాటివి.

1861లో, ఆ దేశమున అంతర్యుద్ధము మొదలైన యేట, కనెక్టికట్ రాష్ట్రపు ఉపాధ్యాయుడు ఫ్రెడరిక్ గన్, సైనికులవలె గుడారములలో పండుకొనవలెనని ఉబలాటపడు తన శిష్యులను సుమారు 40 మైళ్లు నడిపించి సముద్రతీరమునకు గొనిపోయెను. వేసవి శిబిరములకు అదియే ఆదియని పలువురు చెప్పుదురు. అట్టి శిబిరమునకు సంగీతమును ప్రాణముగ జేసినవాడు జోసెఫ్ మాడీ. మిషిగన్ రాష్ట్రపు పైన్ అడవులలో, రెండు సరస్సుల నడుమ నుండుటచేతనే ఇంటర్లాకెన్ అను పేరు దాల్చిన చోట, ఆయన 1928లో ఉన్నత పాఠశాలల పిల్లలకై ఆర్కెస్ట్రా శిబిరము నెలకొల్పెను. పగలెల్ల సాధన, సాయంకాలము కచేరి, అందఱికిని ఒకే నీలపు దుస్తులు. అచటి కట్టుబాట్లలో నన్ను మిక్కిలి ఆకర్షించినదియు, కొంత భయపెట్టినదియు, వారము వారము జరిగిన స్థానపోటీ. ముందరి కుర్చీ నేర్పరిది. వెనుక కూర్చున్నవాడు ముందువానిని సవాలుచేసి, తోటివారి తీర్పున మెఱుగనిపించుకొన్నచో ఆ కుర్చీ వానిదయ్యెడిది. 1942లో వృత్తి సంగీతకారుల సంఘాధ్యక్షుడు జేమ్స్ పెట్రిల్లో, జీతములేని పిల్లల వాద్యము రేడియోలో వినిపించినచో జీతముపై బ్రదుకువారి నోటికూడు పోవునని, ఈ శిబిరపు ప్రసారములను ఆపించెను. పసివారి వేసవి సాధన పెద్దల పొట్టకు పోటీయైనదన్నమాట! నవ్వు వచ్చును గాని, ఆ భయము బొత్తిగ నిరాధారమని నేననజాలను.

1959లో జాజ్ బ్యాండు నాయకుడు స్టాన్ కెంటన్ పేర ఇండియానా విశ్వవిద్యాలయమున జాజ్ శిబిరము వెలసెను. రాక్ వంతు మఱింత ఆలస్యమయ్యెను. ఏలయన, గురువు లేకుండుటయే దాని గర్వము. రికార్డులు అరుగునట్లు విని, కారు నిలుపు గారేజీలో చెలికాండ్రతో కూడి వాయించుటయే దాని విద్యాభ్యాసము. ఆ గారేజీ తలుపు అందఱికిని ఒక్కతీరున తెఱచుకొనలేదు. ఆడపిల్ల పోయినచో పాడుమనుచుండిరే గాని, డ్రమ్ముల ముందు కూర్చుండుమనువారు అరుదు.

ఈ లోటును 1990ల ఆరంభమున వాషింగ్టన్ రాష్ట్రపు ఒలింపియాలో రయట్ గర్ల్ అను స్త్రీవాద రాక్ సంగీతోద్యమపు యువతులు ఎలుగెత్తి చాటిరి. 2001లో, పొరుగున ఆరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లండ్ స్టేట్ విశ్వవిద్యాలయపు విద్యార్థిని మిస్టీ మెకల్‌రాయ్, స్త్రీల అధ్యయన శాఖలో తన చదువునకై చేయవలసిన పనిగ, బాలికలకు రాక్ అండ్ రోల్ శిబిరము నడపెను. ఎనిమిది మొదలు పదునెనిమిదేండ్ల బాలికలకు, వాద్యమునెన్నడు ముట్టనివారికి గూడ, అందు ప్రవేశముండెను. వాద్యపాఠములతోపాటు ఆత్మరక్షణ విద్యయు నేర్పిరి.

సరళీస్వరములు, జంటస్వరములు, అలంకారములు దాటి గీతమునందుకొనుటకే నెలలు పట్టు మన సంప్రదాయమున పెరిగినవారికి, వారములోపల పాటగట్టుట ఔద్ధత్యమనిపించును. నాకును మొదట అట్లే తోచెను. పిదప ఇంటర్లాకెన్ కుర్చీల వరుస జ్ఞప్తికి వచ్చినది. పోర్ట్‌లండులో ముందు కుర్చీ యనునది లేదు. గిటారుపై మూడు కార్డులు (స్వరసమూహములు) పట్టువడిన పిల్లయు, నిన్ననే డ్రమ్ము కఱ్ఱలు చేతబట్టిన పిల్లయు తగవులాడి, అలిగి, సమాధానపడి, ఒక పాటకు రావలెను. వారాంతమున వచ్చిన జనమునకు దానిని వినిపింపవలెను. అందలి అపస్వరములను లెక్కించువాడు ఇల్లు చేరుటయే మేలు.

ఈ మాదిరిని ఇతర నగరములును అందుకొనినవి. న్యూయార్కు శిబిరమునకు నిర్వాహకులు విల్లీ మే థార్న్‌టన్ అను నల్లజాతి గాయని పేరు పెట్టిరి. ‘హౌండ్ డాగ్’ పాటను మొదట రికార్డు చేసినది ఆమెయే, 1952లో. నాలుగేండ్లకు ఎల్విస్ ప్రెస్లీ పాడగా, లోకము దానిని అతని పాటగనే ఎఱుగును. డ్రమ్ములును హార్మోనికాయు ఆమె తనంత తానే నేర్చికొన్నది.