ముఖానికి రాసే యాసిడ్లు: ఏ చర్మానికి ఏది?

ఏ రాష్ట్రంలో స్థిరపడినా పండక్కి సున్నిపిండితో నలుగు పెట్టుకోవడం మనం మానలేదు. ఇప్పటి పిల్లలు అదే పనికి యాసిడ్ సీసాలు కొంటున్నారు. పేరు విని పెద్దలు హడలిపోనక్కర్లేదు, పెరుగులో ఉన్నదీ లాక్టిక్ యాసిడే. పైపొరలో మృతకణాలను పట్టి ఉంచే బంధాన్ని ఇవి సడలిస్తాయి. కంపెనీ పేరు కాదు, యాసిడ్ పేరూ శాతమూ చూసి కొనమంటాం.

జిడ్డు చర్మానికి, మొటిమలకు సాలిసిలిక్, 2 శాతం మించకుండా. అది నూనెలో కరుగుతుంది కాబట్టి మూసుకుపోయిన రంధ్రాల్లోకి దిగుతుంది. పొడి చర్మానికి లాక్టిక్, 5 శాతంతో మొదలుపెట్టవచ్చు. గ్లైకాలిక్ అణువు చిన్నది, త్వరగా లోపలికి దిగుతుంది, మంటా ఎక్కువే. చామనఛాయ వారికి, సున్నితమైన చర్మానికి మేము చెప్పేది మాండెలిక్. దాని అణువు పెద్దది, నెమ్మదిగా దిగుతుంది.

ఛాయ మాట ఎందుకంటే, మన చర్మం మండి ఎర్రబడితే అక్కడ నల్లమచ్చ పడి నెలల తరబడి పోదు. తెల్లబడాలని రోజూ రాసేవారికి చివరికి దక్కేది ఆ మచ్చే. ముందు మోచేతి లోపలివైపు కాస్త రాసి రెండు రోజులు చూడండి. తర్వాత వారానికి రెండు రాత్రులు చాలు. ఆ రోజుల్లో నలుగు వద్దు. పగలు సన్‌స్క్రీన్ తప్పనిసరి. ఇంట్లో పెళ్లి వారంలో ఉండగా కొత్త సీసా తెరవకండి.

గర్భిణులు, ఆస్పిరిన్ పడనివారు సాలిసిలిక్ వాడేముందు డాక్టరును అడగాలి. మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్ కలిసిన ఫెయిర్‌నెస్ క్రీములు వేరే జాతి. డాక్టరు చీటీ లేకుండా మందుల షాపువారు ఇచ్చినా తీసుకోవద్దు.