హస్తవాసికి పరీక్ష

మందు పుచ్చుకొని కుదిరిన రోగి ఆ మందును పొగడుట తక్కువ, వైద్యుని హస్తవాసిని పొగడుట యెక్కువ. అదే కషాయము, అదే అనుపానము, అదే పథ్యము. ఐనను ఒకరి చేతిమీదుగా వచ్చినప్పుడు గుణమిచ్చును, మరియొకరి చేతిమీదుగా వచ్చినప్పుడు ఈయదని మన పల్లెలలో చెప్పుకొనుట మీరందరు నెరిగినదే. ఈ మాటను మూఢత్వమని త్రోసివేయువారు గలరు. అక్షరసత్యమని నమ్మువారును గలరు. అసలు హస్తవాసి యనునది కలదా, కలదేని దాని బలమెంత, అది చేయగల పని యేది, చేయలేని పని యేది యని కొలిచి చూచిన చరిత్ర యొకటి పాశ్చాత్య వైద్యములో నున్నది. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

1796వ సంవత్సరమున అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఎలీషా పెర్కిన్స్ అను వైద్యుడు రెండు లోహపు పుల్లలకు పేటెంటు హక్కు సంపాదించెను. ఒక్కొక్కటి సుమారు మూడంగుళముల పొడవు. ఒకటి పసుపువన్నె, ఒకటి తెలుపువన్నె. ఒక కొన వాడిగాను, రెండవ కొన మొద్దుగాను ఉండెను. నొప్పి యున్న చోట వీనిని చర్మముపై ఈడ్చినయెడల లోపలనున్న దుష్టవిద్యుత్తు వెలికి వచ్చి నొప్పి తీరునని ఆయన చెప్పెను. ఇటలీలో గాల్వానీ పండితుడు చచ్చిన కప్పకాళ్లు లోహము తాకగానే కొట్టుకొనుటను 1791లో లోకమునకు ప్రకటించి అప్పటికి అయిదేండ్లే యైనది. లోహమునకును ప్రాణమునకును ఏదియో సంబంధ మున్నదను మాట చదువుకొన్నవారి నోట నాడుచుండెను. కావున పెర్కిన్స్ పుల్లలు మంత్రము వలె గాక శాస్త్రము వలె కనబడెను. 1797లో ఆ రాష్ట్రపు వైద్యసంఘము వారు ఆయనను వెలివేసిరి. 1799లో ఆయన న్యూయార్కు నగరమున వ్యాపించిన ఎల్లో ఫీవరును కుదుర్పబోయి ఆ జ్వరముతోనే మరణించెను. వ్యాపారము మాత్రము ఆగలేదు. కుమారుడు బెంజమిన్ లండనులో జత అయిదు గినీల చొప్పున అమ్మసాగెను. కూలివాని కది అందని వెల. కుదిరితిమని సాక్ష్యపత్రములు వ్రాసియిచ్చినవారిలో పండితులును, మతాచార్యులును గూడ నుండిరి.

ఇంగ్లండులోని బాత్ పట్టణమున వేడినీటి ఊటలు గలవు. కీళ్లవాతపు రోగులు ఆ నీట మునుగుటకై అచ్చటికి వచ్చుచుండెడివారు. ఈ పుల్లల కీర్తియు వారి వెంబడి వచ్చెను. అచ్చట జాన్ హేగార్త్ అను వైద్యుడుండెను. చెస్టరు పట్టణమున మశూచి వ్యాప్తిని అరికట్టుటకై పాటుపడి పేరుగాంచినవాడు. ఆయన పుల్లలను తిట్టుచు కూర్చుండలేదు. సరిగా అదే ఆకారమున కొయ్యపుల్లలు చేయించి, చూచువారికి లోహమని తోచునట్లు రంగు పూయించెను. 1799 జనవరి 7వ తేదీన, ఫాల్కనర్ అను తోటి వైద్యునితో కూడి, ఆ యూరి ధర్మాసుపత్రిలో చిరకాలముగా కీళ్లవాతముతో బాధపడుచున్న అయిదుగురిపై ఈ కొయ్యపుల్లలను ప్రయోగించెను.

అయిదుగురిలో నలుగురు నొప్పి తగ్గినదనిరి. ఒకనికి మోకాలు వెచ్చబడి నడక సులువైనది. ఆ నడకను అచ్చటివారికి సంతోషముతో నడచి చూపెను. మరియొకనికి తొమ్మిది గంటలపాటు సుఖముగా నుండి, రాత్రి పడక చేరిన పిమ్మట నొప్పి తిరిగి వచ్చెను. మరునాడు అసలైన లోహపు పుల్లలతో అదే విధముగా చేసి చూచిరి. ఫలితము ముందటినాటి వంటిదే గాని వేరు గాదు.

గుణము లోహమున నున్నయెడల కొయ్యకు ఆ పని చేయు శక్తి యెక్కడిది? కొయ్యయు లోహమును ఒకే ఫలము నిచ్చినప్పుడు, ఆ ఫలము రెండింటికిని సమానమైన వేరొక దానినుండి రావలెను. ఆ వేరొకటి రోగి మనస్సే యని హేగార్త్ 1800లో ప్రకటించిన పుస్తకమున వ్రాసెను. ఒకే మందు పేరుమోసిన వైద్యుడిచ్చినప్పుడు ఎక్కువ గుణమిచ్చుటకు గూడ కారణ మిదియే యని ఆయన సూచించెను. మనము హస్తవాసి యనునది ఆయన చేతికి ఈ విధముగా చిక్కినది!

బెంజమిన్ పెర్కిన్స్ ఊరకుండలేదు. ఈ పుల్లలచేత పసిబిడ్డలకును, గుఱ్ఱములకును గూడ కుదిరినది గదా, వానికి భ్రమ యెక్కడిది అని యడిగెను. ప్రశ్న చమత్కారమైనదే. కాని గుఱ్ఱము తనకు తగ్గినదని నోరు తెరచి చెప్పదు. చెప్పినవాడు దాని యజమానుడు.

ఇట్టి పరీక్షకు పదునైదేండ్ల పూర్వమే ఫ్రాన్సులో ఒక దారి పడియుండెను. మెస్మర్ అనునాతడు అయస్కాంతము వంటి యొక అదృశ్యశక్తితో రోగములను మాన్పెదనని పారిస్ నగరమును ఊపివేయుచుండెను. 1784లో రాజాజ్ఞచేత బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజియే మొదలగు పండితులు దానిని విచారించిరి. పాసీ గ్రామమున ఫ్రాంక్లిన్ తోటలో మెస్మర్ శిష్యుడు దెస్లాన్ ఒక్క చెట్టునకు మాత్రము ఆ శక్తిని ఎక్కించెను. పండ్రెండేండ్ల బాలుని కన్నులకు గంతలు కట్టి వేరువేరు చెట్లయొద్దకు తీసికొనిపోగా, శక్తి గల చెట్టునకు ఇరువదినాలుగడుగుల దూరమున, ఏ శక్తియు ఎక్కించని చెట్టుక్రింద వాడు మూర్ఛిల్లెను. చెట్లన్నింటికిని సహజముగా ఆ శక్తి కొంత యుండునని దెస్లాన్ సమర్థించుకొనగా, అట్లయినచో సున్నితమైన శరీరము గలవాడు తోటలో అడుగిడుటయే ప్రమాదము గదా యని పండితులు బదులు చెప్పిరి.

హేగార్త్ తన పుస్తకమునకు భావన, అనగా మనఃకల్పన, వ్యాధికి కారణమును చికిత్సయు నగుట యను అర్థము వచ్చు పేరు పెట్టెను. కల్పన యను మాట నాకు అంతగా రుచింపదు. బాతులో నడచి చూపిన రోగి అబద్ధమాడలేదు. వాని మోకాలి నొప్పి నిజముగా తగ్గినది. తగ్గించినది పుల్ల కాదు, అంతే.

వైద్యులకు ఈ రహస్యము క్రొత్తది కాదు. రోగి తృప్తికై ఇచ్చు ఉత్తమందును వారు ప్లాసీబో యనుచుండిరి; లాటిను భాషలో దానికి 'సంతోషపెట్టుదును' అని యర్థము. తన యెరుకలోని మిక్కిలి సమర్థుడైన ఒక వైద్యుడు తక్కిన మందులన్నింటికంటె రొట్టెపిండి మాత్రలను, రంగునీటి చుక్కలను, బూడిదపొడిని ఎక్కువగా వాడితినని తనతో చెప్పెనని అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ 1807లో ఒక లేఖలో వ్రాసెను. అది పుణ్యమైన మోసమని మన్నించెను.

మోసము పుణ్యమైనదేనా? 1950 తరువాతి దశాబ్దమున అమెరికాలో ఒక శస్త్రచికిత్స ప్రబలెను. గుండెనొప్పి గలవారికి ఎదురుఱొమ్ముపై కోసి, లోపలి యొక రక్తనాళమును ముడివేసినచో గుండెకు రక్తము హెచ్చునని తలంచిరి. రోగులు మేలు కలిగినదనిరి. 1959లో సియాటిల్ నగరమున కాబ్ అను వైద్యుడును ఆయన తోటివారును పదునేడుగురిపై దీనిని పరీక్షించిరి. కొందరికి నాళము ముడివేసిరి. కొందరికి పైచర్మము మాత్రము కోసి కుట్టిరి. ఎవరి కేమి జరిగినదో రోగులకు గాని, తరువాత వారిని పరీక్షించు వైద్యులకు గాని తెలియదు. రెండు తెగలవారును ఒకే తీరున నొప్పి తగ్గినదని చెప్పిరి. ఆ శస్త్రచికిత్స అంతటితో మూలబడెను. దానివలన ముందు ముందు ఎందరికో కత్తికోత తప్పినది, నిజమే. కాని తమలో కొందరికి ఉత్తకోత యని ఆ పదునేడుగురికి ముందుగా చెప్పలేదు. రోగికి తెలిపి సమ్మతి పొందనిదే పరీక్ష చేయరాదను నియమము 1964లో హెల్సింకీ నగరమున ప్రపంచ వైద్యసంఘము చేసిన ప్రకటనలో స్థిరపడెను. నాకు వారి వివేకమే మెచ్చదగినదిగా తోచుచున్నది. 2010లో బోస్టను వైద్యులు, ఇందులో మందేమియు లేదని ముందే చెప్పి, ప్రేగుల బాధగల రోగులకు మాత్రలిచ్చి చూచిరి. ఊరక చూచుకొన్నవారిలో నూటికి ముప్పదియైదుగురికి ఉపశమనము కలుగగా, ఆ మాత్రలు మ్రింగినవారిలో నూటికి యేబదితొమ్మిదిమందికి కలిగెను. మోసము లేకుండగనే ఈ పని కొంతవరకు సాగునన్నమాట.

ఊరక చూచుకొన్నవారిలో సైతము అంతమందికి తగ్గుట గమనింపదగినది. 1955లో బీచర్ అను వైద్యుడు పదునైదు పరిశోధనలను కూర్చి, ఉత్తమందుచేత నూటికి ముప్పదియైదుగురు ఉపశమనము పొందుదురని లెక్క కట్టెను. ఆ లెక్క చాలకాలము వేదవాక్యమై చెల్లెను. దానిలో లోపమున్నది. రోగి వైద్యుని యొద్దకు పరుగెత్తునది బాధ మిక్కుటమైన దినమున; మరునాటికి అది తనంతట తానే కొంత తగ్గవచ్చును. అట్లు తగ్గినదంతయు మాత్ర ఖాతాలో వ్రాయరాదు గదా. బాతు పరీక్షలో గూడ పుల్ల యేదియు తాకని రోగి యొకడు ఉండవలసినది.

నమ్మకము శరీరమున ఏ త్రోవను పనిచేయునో 1978లో కొంత తెలిసినది. సాన్ ఫ్రాన్సిస్కోలో లెవిన్, గోర్డన్, ఫీల్డ్స్ అను పరిశోధకులు జ్ఞానదంతము తీయించుకొన్న రోగులలో ఉత్తమందుచేత కలిగిన ఉపశమనము, నాలొక్సోను అను నల్లమందు విరుగుడు నీయగనే తగ్గిపోవుటను కనిపెట్టిరి. మెదడు తనంతట తాను నల్లమందు వంటి ద్రవ్యమును పుట్టించుకొనునని అంతకు మూడేండ్ల క్రిందటనే తేలియుండెను. కాబట్టి నమ్మకము ఆ ద్రవ్యమును విడిపించుచున్నదని వారు భావించిరి.

నొప్పి విషయమున ఇది సరియే. ఉబ్బసము విషయమున ఏమగును? 2011లో బోస్టను వైద్యులే ముప్పదితొమ్మిదిమంది ఉబ్బసరోగులకు ఒకసారి నిజమైన పీల్చుమందును, ఒకసారి మందులేని పీల్పును, ఒకసారి ఉత్తుత్తి సూదివైద్యమును ఇచ్చిరి; ఒకసారి ఏమియు నీయలేదు. ఎంత సుఖముగా నున్నదని అడుగగా, నిజమైన మందునకును, రెండు ఉత్త చికిత్సలకును రోగులు దాదాపు సమానమైన మార్కులే వేసిరి. పిమ్మట యంత్రముతో ఊపిరిని కొలిచిరి. నిజమైన మందుచేత ఊపిరి బలము నూటికి ఇరువది పాళ్లు పెరిగెను. తక్కిన మూడింటిచేతను, ఏమియు నీయని దానితో సహా, ఏడు పాళ్లు మాత్రమే పెరిగెను. సుఖముగా నున్నదని చెప్పిన రోగి గొట్టములు ఇంకను మూసికొనియే యుండెను. అట్టివాడు అర్ధరాత్రి ఆయాసము ముదిరినప్పుడు తనకు తగ్గినదను తలపుతో తెల్లవారువరకు ఆగినయెడల ప్రాణమునకు మోసము వచ్చును. కావుననే ఉబ్బసపు క్రొత్తమందును పరీక్షించు వైద్యులు రోగిని ఎట్లున్నదని అడిగి, ఆ మాటను వ్రాసికొని, ఆ పిమ్మట గొట్టమును చేతికిచ్చి గట్టిగా ఊదుమని చెప్పుదురు.