ఓరుగల్లుకు చేరిన వాట్లు

నిజాం తపాలా, టెలిగ్రాఫు శాఖలో పనిచేసిన మహబూబ్ అలీ 1933లో హైదరాబాదులో 200 వాట్ల ట్రాన్స్‌మిటరుతో సొంతంగా రేడియో నడిపాడు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే దక్కన్ రేడియో. హనుమకొండలో ఏళ్ల తరబడి ఫిజిక్సు పాఠం చెప్పినవాణ్ని కాబట్టి, ఈ చరిత్ర ఎప్పుడు చదివినా నా చూపు ఆ 200 అంకె మీదే నిలుస్తుంది.

హైదరాబాదు నుంచి వరంగల్లు దాదాపు 140 కిలోమీటర్లు. దారిలో నేల పీల్చుకునేది పక్కనపెట్టి, ఆ 200 వాట్లూ అర్ధగోళంగా సమానంగా పరుచుకున్నాయనుకుందాం. మన దగ్గర చదరపు మీటరుకు దక్కేది, ఒక వాటును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో రెండు భాగాలు కూడా కాదు. ఇంత పలచని శక్తిని ఒడిసిపట్టడానికే ఇంటి మీద రెండు బొంగులు నిలబెట్టి పొడవాటి రాగి తీగ కట్టేవారు, ఇంకో తీగను తడి మట్టిలో పాతేవారు. స్పీకరు మోగేది మాత్రం సెట్టుకు అందే కరెంటుతోనో బ్యాటరీతోనో. ఎలా మోగాలో ఆకాశం నుంచి వచ్చిన ఆ రవంత శక్తి చెబుతుంది.

రేడియోకు ముందే దూరపు కబురు మన ఊరు దాటింది. 1889 నాటికి రైలు పట్టాలు వరంగల్లు మీదుగా బెజవాడ చేరాయి. పట్టాల పక్కనే టెలిగ్రాఫు తీగలు నడిచాయి. కబురు తీగ లోపల పరిగెత్తుతుందనే అందరూ అనుకుంటారు, నా విద్యార్థులూ అలాగే అనేవారు. 1884లో పాయింటింగ్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త వేరే మాట చెప్పాడు: శక్తి ప్రవహించేది తీగ చుట్టూ ఉన్న ఖాళీలో, విద్యుత్ క్షేత్రానికీ అయస్కాంత క్షేత్రానికీ రెంటికీ లంబంగా. తీగ దారి చూపుతుంది, అంతే. ఏరియల్‌లో విద్యుదావేశాలను సెకనుకు లక్షలసార్లు ముందుకూ వెనక్కూ ఊపితే ఆ శక్తిలో కొంత తీగను వదిలి, తిరిగి రాకుండా వెళ్లిపోతుంది. మార్పు చెందే ఒక క్షేత్రం రెండోదాన్ని పుట్టిస్తుంటే అలా సాగేదే రేడియో తరంగం. ఫిజిక్సులో నాకు ఇంతకన్నా అందమైన విషయం కనబడలేదు.

1950 ఏప్రిల్ 1న దక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసింది. ఆ రోజుల్లో మీడియం వేవ్ మీద పగలు వినబడని దూరపు స్టేషన్లు రాత్రి పలికేవి. పైవాతావరణంలో ఈ తరంగాలను పగటిపూట మింగే పొర పొద్దుగూకాక చెదిరిపోతుంది, దానికి పైనున్న పొర వాటిని కిందికి మళ్లిస్తుంది. షార్ట్‌వేవ్ పగలే ఆ కింది పొరను దాటుకుని వస్తుంది. రేడియో సిలోన్ అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై తెలుగు గొంతు అక్కడి నుంచి మన వాకిళ్లకు వచ్చింది ఆ దారినే.

1990లో వరంగల్లుకు సొంత ఆకాశవాణి కేంద్రం వచ్చింది, 103.5 మెగాహెర్ట్జ్ ఎఫ్.ఎం. మీద. ఈ తరంగం పొడవు మూడు మీటర్లలోపే. ఇది నేల వంపును పట్టుకుని దూరం పోలేదు, పైపొర నుంచి తిరిగీ రాదు. వంద మీటర్ల ఎత్తు నుంచి చదును నేల మీద చూపు ఆనేది దాదాపు 36 కిలోమీటర్లు, ఎఫ్.ఎం. అంతకన్నా కొంచెమే ముందుకు పోతుంది. అడ్డంగా గుట్ట ఉంటే దాని వెనక ఊళ్లో సెట్టు గరగరలాడుతుంది.

రేడియో చరిత్ర రాసేవాళ్లు గాయకులను, అనౌన్సర్లను తలుచుకుంటారు, అది న్యాయమే. ట్రాన్స్‌మిటరు గదిలో రాత్రంతా మీటర్లు చూస్తూ, ఏరియల్‌కు పోయే వాట్లు తగ్గకుండా కాసినవాళ్ల జ్ఞాపకాలు కూడా, వాళ్లు మన మధ్య ఉండగానే, రాసి పెట్టాలి.