గిన్నప్పలో గిన్నె ఎక్కడ?

సర్వపిండిని "తెలంగాణ పిజ్జా" అనడం ఈ మధ్య అలవాటైంది. కరీంనగర్ ప్రాంతంలో దీని పేరు గిన్నప్ప. మరికొన్ని చోట్ల తపాలచెక్క. మూడు పేర్లలోనూ ఉన్నది పాత్రే: సర్వ, గిన్నె, తపాల.

మంచి గిన్నప్ప ఏదన్న వాదం వస్తే మనం పల్లీలు, కారం, నువ్వుల పాళ్ళ దగ్గరే ఆగిపోతాము. కానీ పల్లీ, మిరప రెండూ అమెరికా ఖండాల పంటలు. 1492 తరువాతనే సముద్రాలు దాటి మనకు చేరాయి. పిజ్జా మీది టమాటాదీ అదే కథ. కనుక నేటి ఈ రుచి మరీ ప్రాచీనమేమీ కాదు.

2017లో యునెస్కో వారసత్వంగా గుర్తించినది కూడా నేపుల్స్ పిజ్జాను కాదు, దానిని చేసేవారి విద్యను. మన విద్య కూడా చేతిలోనే ఉంది. తడిపిన బియ్యప్పిండిని గుండ్రని అడుగు లోపల వేళ్ళతో పలుచగా ఒత్తి, చిల్లులు పెట్టి నూనె వేసి, మూత పెట్టి సన్నని సెగన కాల్చాలి. ఒకటి దించాక పాత్ర చల్లారితే గాని రెండవది ఒత్తలేము. ఆ ఓపిక లేకనే చదునైన పెనం వచ్చింది.

పెనం మీదిదీ రుచిగానే ఉండవచ్చు. కానీ సర్వ అటకెక్కిన ఇంట మిగిలేది పిండి మాత్రమే. మీ ఇంట సర్వ ఎక్కడున్నది?