పాత జీపు పికప్ అందుకోకపోతే: దోషాన్ని వరుసగా కనిపెట్టే పద్ధతి

బళ్లారి జిల్లాలోని మోకా, రూపనగుడి, సిరుగుప్ప ప్రాంతాలలోనూ, హద్దుకు అవతల ఆలూరు, హొళగుంద, డి.హీరేహాళ్ మండలాలలోనూ పాత డీజిల్ జీపులు, ట్రాక్స్ బండ్లు నేటికీ అనేక కుటుంబాలకు జీవనాధారం. మిరప బస్తాలు తరలించడానికి, పెళ్లివారిని తీసుకువెళ్లడానికి, రాత్రివేళ రోగిని బళ్లారి ఆసుపత్రికి చేర్చడానికి ఆ బండే దిక్కు. అటువంటి బండి యాక్సిలరేటరు తొక్కిన వెంటనే అందుకోక, ఒక క్షణం తడబడి ఆపైన ముందుకు సాగుతుంటే దానిని చిన్న లోపంగా భావించరాదు. 67వ జాతీయ రహదారిపై ఖనిజ లారీని దాటే సమయంలోనో, చేల దారి నుంచి వచ్చి రహదారిని అడ్డంగా దాటే సమయంలోనో ఆ ఒక్క క్షణమే ప్రాణాల మీదికి తేవచ్చు.

పికప్ తగ్గిందనగానే డీజిల్ పంపును, నాజిళ్లను విప్పించడం చాలాచోట్ల అలవాటు. ఇంజనులో అధిక వ్యయంతో కూడిన మరమ్మతు అదే. కానీ ఇదే లక్షణం మూసుకుపోయిన ట్యాంకు మూత వలన, నీరు చేరిన ఫిల్టరు వలన, వదులైన పైపు వలన కూడా కలుగుతుంది. కనుక పరీక్షను ట్యాంకు వద్ద ప్రారంభించి, తక్కువ ఖర్చుతో కూడినవాటిని ముందు చూసి, పంపును చివరికి ఉంచుకోవాలి.

ఇంధనం నడిచే దారి

పాత డీజిల్ బండిలో ఇంధనం ట్యాంకు నుంచి పీల్చే పైపు ద్వారా ఫీడ్ పంపుకు, అక్కడి నుంచి ఫిల్టర్లకు, తరువాత ఇంజెక్షన్ పంపుకు, చివరకు నాజిళ్లకు చేరుతుంది. మిగిలినది రిటర్న్ పైపు ద్వారా మళ్లీ ట్యాంకుకు వస్తుంది. ట్యాంకుకు, ఫీడ్ పంపుకు మధ్య ఉన్న భాగం పీల్పుడు మీద పనిచేస్తుంది. అక్కడ పైపు చిట్లినా, రాగి వాషరు అరిగినా, ఇంజను నడుస్తున్నప్పుడు డీజిల్ బయటకు కారదు. గాలి లోపలికి పోతుంది. కారడం లేదు కనుక పైపు బాగుందని అనుకోవడం అందువల్లనే పొరపాటు.

లక్షణం ఎప్పుడు కనిపిస్తోంది?

దోషం కనిపించే వేళను బట్టి దాని స్థానాన్ని చాలావరకు ఊహించవచ్చు.

రాత్రంతా నిలిపిన బండి ఉదయం చాలాసేపు సెల్ఫు కొడితే గాని అందుకోకపోతే, పైపులోని డీజిల్ వెనక్కి జారి గాలి చేరుతున్నదని అనుమానించాలి. అరగంట బాగా నడిచి, క్రమంగా బలం తగ్గి, కాసేపు ఆపితే మళ్లీ బాగుపడితే ట్యాంకు మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు, లేదా ట్యాంకులోని చెత్త పీల్చే పైపు నోటికి అడ్డుపడుతూ ఉండవచ్చు. ఖాళీ బండి బాగా నడిచి, బరువు వేసినప్పుడు, మిట్ట ఎక్కేటప్పుడు మాత్రమే జంకితే ఫిల్టర్లను చూడాలి. కొత్తగా డీజిల్ పోయించిన వెంటనే దోషం మొదలైతే ముందుగా ఆ డీజిల్‌నే పరీక్షించాలి.

పొగ చెప్పే సంగతి

పొగ లేకుండా బలం తగ్గితే సాధారణంగా ఇంధనం అందడం లేదని అర్థం. నల్లని పొగతో బలం తగ్గితే గాలి చాలడం లేదని, లేదా నాజిళ్లు డీజిల్‌ను సరిగా చిమ్మడం లేదని గ్రహించాలి. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ, కొట్టుడు శబ్దం ఉంటే టైమింగ్ దోషమో, కంప్రెషన్ తగ్గడమో, నీరు చేరడమో కారణం కావచ్చు. నీలి పొగ ఇంజన్ ఆయిల్ మండుతున్నదనడానికి గుర్తు. దానికి డీజిల్ పంపు విప్పి ప్రయోజనం లేదు.

సండూరు వైపు ఖనిజపు దుమ్ము, సిరుగుప్ప వైపు నల్లరేగడి దుమ్ము ఎక్కువ. పాత జీపులలో ఉండే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనరు గిన్నెలో ఈ దుమ్ము బురదగా పేరుకుంటుంది. గిన్నెను విప్పి, కడిగి, గుర్తు వరకు మాత్రమే కొత్త ఆయిల్ పోయాలి. నల్లపొగ బండ్లకు మొదట చేయవలసిన పని ఇదే.

ఇంటివద్ద చేయదగిన పరీక్షలు

మొదటిది మూత పరీక్ష. బలం తగ్గినప్పుడు బండిని పక్కకు ఆపి ట్యాంకు మూతను మెల్లగా తిప్పాలి. గాలి లోపలికి పోతున్న శబ్దం వచ్చి, ఆ తరువాత బండి బాగా నడిస్తే రంధ్రం శుభ్రం చేస్తే చాలు.

రెండవది సీసా పరీక్ష. ఫిల్టరు అడుగున ఉన్న స్క్రూను వదులుచేసి కొంత డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టి అరగంట కదపకుండా ఉంచాలి. నీరు ఉంటే అడుగున వేరు పొరగా నిలుస్తుంది. తుప్పు, మట్టి కనిపిస్తే ట్యాంకును దించి కడిగించాలి. ఫిల్టరు మాత్రమే మార్చితే కొద్ది రోజులకే మళ్లీ మూసుకుపోతుంది.

మూడవది బుడగల పరీక్ష. ఫిల్టరు పైనున్న గాలి స్క్రూను వదులుచేసి, ఫీడ్ పంపుకున్న చేతి పంపును కొట్టాలి. నురగ లేని డీజిల్ వచ్చే వరకు కొట్టి స్క్రూ బిగించాలి. ఆపైన ఇంజెక్షన్ పంపు స్క్రూ వద్ద కూడా అదేవిధంగా గాలి తీయాలి. ఇలా తీసిన రెండు మూడు రోజులకే మళ్లీ గాలి చేరితే పీల్చే పైపు, వాషర్లు మార్చవలసిందే.

నాలుగవది క్యాను పరీక్ష. ఇది మెకానిక్ సమక్షంలో చేయాలి. శుభ్రమైన క్యానులో డీజిల్ పోసి, కదలకుండా కట్టి, ట్యాంకు పైపుకు బదులు క్యాను నుంచి ఫీడ్ పంపుకు కొత్త పైపు కలిపి, ఖాళీ దారిలో కొద్ది దూరం నడపాలి. బండి బాగా నడిస్తే దోషం ట్యాంకు వైపు ఉన్నది. నడవకపోతే ఫీడ్ పంపు నుంచి ముందుకు ఉన్నది. ఈ పరీక్ష పెట్రోలు బండికి ఎంతమాత్రం చేయరాదు.

నాజిల్ పైపుల నట్లను ఇంజను నడుస్తుండగా వదులుచేసి చూడటం అనుభవజ్ఞులకే వదిలివేయాలి. అధిక పీడనంతో చిమ్మే డీజిల్ చర్మంలోకి దూసుకుపోగలదు. అట్టి గాయం పైకి చిన్నదిగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పెట్రోలు బండ్ల సంగతి

కార్బ్యురేటరు ఉన్న పాత కార్లు, మోటారు సైకిళ్లలో తడబాటుకు జెట్టులో చెత్త, ఫ్లోటు మట్టం, ఏసీ పంపు డయాఫ్రం, అరిగిన ప్లగ్గు, సి.బి. పాయింట్లు ముఖ్య కారణాలు. ఎండాకాలపు మధ్యాహ్నం ఆగిపోయి, చల్లబడగానే నడిచే బండిలో పెట్రోలు పైపులోనే ఆవిరిగా మారుతూ ఉండవచ్చు.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు 2023 ఫిబ్రవరి నుంచి దేశంలో అమ్మకానికి వచ్చి, 2025 నాటికి విస్తృతంగా వ్యాపించింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పాత రబ్బరు పైపులను, వాషర్లను దెబ్బతీయగలదు. నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు చేరతాయి. కాబట్టి పాత పెట్రోలు బండిని నెలల తరబడి కదపకుండా నిలపరాదు. గట్టిపడిన, పగిలిన పైపులను ముందుగానే మార్చించాలి.

కొనేచోట, దాచేచోట జాగ్రత్తలు

ఆంధ్రప్రదేశ్ కంటే కర్ణాటకలో డీజిల్ ధర కొన్నేళ్లుగా తక్కువగా ఉండటం వలన హద్దు గ్రామాలవారు క్యానులలో పట్టుకుపోవడం పరిపాటి అయింది. నీళ్లు పట్టిన క్యాను, మందుల డబ్బా, మూతలేని డ్రమ్ము ఇంజనుకు శత్రువులు. ఆదా అయిన కొద్ది రూపాయలు ఒక్క నాజిల్ మరమ్మతుకు చాలవు. కిరోసిన్ కలిసిన డీజిల్‌లో జిడ్డు తగ్గి పంపు ప్లంజర్లు త్వరగా అరుగుతాయి.

పెట్రోలు బంకులో సాంద్రత పరీక్షను, పెట్రోలుకు ఫిల్టరు కాగితం పరీక్షను, 5 లీటర్ల కొలపాత్రతో కొలతను కోరే హక్కు వినియోగదారునికి ఉన్నది. 15 డిగ్రీల ఉష్ణోగ్రతకు సరిచూసిన సాంద్రతకు, ఇన్వాయిసులోని అంకెకు తేడా ఘనపు మీటరుకు 3 కిలోలకు మించరాదు. కొలతలో అనుమానముంటే తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు. అందుకు బిల్లు దాచుకోవడం అవసరం.

మెకానిక్ వద్దకు వెళ్లేముందు దోషం ఎప్పుడు వస్తున్నదో, పొగ రంగు ఏమిటో, చివరిసారి డీజిల్ ఎక్కడ పోయించారో, ఫిల్టరు ఎప్పుడు మార్చారో ఒక కాగితంపై రాసుకోవాలి. ఒకేసారి నాలుగు భాగాలు మార్పించక, ఒక్కొక్కటి మార్చి నడిపి చూడమని కోరాలి. పై పరీక్షలన్నీ ముగిసి, శుభ్రమైన డీజిల్ గాలి లేకుండా అందుతున్నదని తేలిన తరువాత కూడా తడబాటు పోకపోతే, అప్పుడు నాజిళ్లను, ఆ తరువాతనే పంపును విప్పించడం ఉచితం.