హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు

నిజాం రాజ్యంలో 1888, 1889 సంవత్సరాల్లో ఊపిరి మీద, గుండె మీద జరిగిన రెండు ప్రయోగ పరిశోధనలను హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు అంటారు. క్లోరోఫాం మత్తులో ఉన్న రోగి చనిపోతున్నప్పుడు ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది తేల్చడానికి వీటిని వేశారు. ముందు ఆగేది ఊపిరే అని కమిషన్లు తీర్పు చెప్పాయి. ఆ తీర్పులో సగం నేటికీ నిలిచింది, సగం వీగిపోయింది. మత్తు వైద్య చరిత్రలో ఆ రెండు సగాలకూ విలువ ఉంది.

నేపథ్యం

1847 నవంబరులో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫాంను వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కముందే, 1848 జనవరి 28న, న్యూకాజిల్ దగ్గర హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయి కాలిగోరు తీయించుకోబోయి ఆ మత్తులోనే కన్నుమూసింది. అలాంటి మరణాలు తరువాతా జరుగుతూనే వచ్చాయి. వాటికి కారణమేమిటన్న విషయంలో వైద్యులు రెండుగా చీలిపోయారు.

గాఢమైన క్లోరోఫాం ఆవిరి గుండెను స్తంభింపజేస్తుందని లండన్‌లో జాన్ స్నో వాదించాడు. అందుకే లండన్ వైద్యులు నాడి పట్టుకుని కూర్చునేవారు. ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ మాత్రం రోగి ఊపిరినే కనిపెట్టి ఉండాలని శిష్యులకు నేర్పాడు. 1880లో గ్లాస్గో కమిటీ ఒకటి జంతువులపై ప్రయోగాలు చేసి, క్లోరోఫాం గుండెను దెబ్బతీస్తుందని ప్రకటించింది.

ఊపిరి ఎక్కడి నుంచి నడుస్తుందో అప్పటికే కొంత తెలుసు. 19వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రాన్స్‌లో లెగల్వా కుందేళ్లపై ప్రయోగాలు చేశాడు. మెదడు అడుగున మెడుల్లాలో ఒక చిన్న చోటు దెబ్బతింటే ఊపిరి నిలిచిపోతుందని వాటితో తేల్చాడు. 1868లో హెరింగ్, బ్రోయర్ మరో సంగతి చూపారు. ఊపిరితిత్తులు నిండగానే వేగస్ నాడి ద్వారా మెదడుకు కబురు వెళ్తుంది, ఉచ్ఛ్వాస ఆగుతుంది. మత్తుమందు మెడుల్లాలోని ఈ శ్వాసకేంద్రాన్ని నిద్రపుచ్చితే ఊపిరి ఆగుతుందన్నది సైమ్ పక్షం వాదానికి బలమైంది.

మొదటి కమిషన్ (1888)

సైమ్ శిష్యుడైన ఎడ్వర్డ్ లారీ హైదరాబాద్‌లో రెసిడెన్సీ సర్జన్‌గా, అక్కడి వైద్య పాఠశాల అధిపతిగా పనిచేసేవాడు. ఆయన చొరవతో మొదటి కమిషన్ ఏర్పడింది. ప్రయోగాలకు వీధికుక్కలను తెచ్చారు. క్లోరోఫాం మోతాదు మించినప్పుడు ముందు ఊపిరి ఆగిందనీ, గుండె ఆ తరువాత కూడా కొంతసేపు కొట్టుకుందనీ కమిషన్ తెలిపింది. లండన్‌లోని ‘లాన్సెట్’ పత్రిక దీన్ని నమ్మలేదు.

రెండో కమిషన్ (1889)

అప్పుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ముందుకొచ్చింది. లాన్సెట్ తనకు నచ్చిన నిపుణుణ్ణి పంపితే ఖర్చులకు 1,000 పౌండ్లు ఇస్తామని చెప్పింది. గుండెజబ్బు నొప్పికి ఎమైల్ నైట్రైట్ వాడకాన్ని 1867లో కనుగొన్న థామస్ లాడర్ బ్రంటన్‌ను లాన్సెట్ ఎంపిక చేసింది. సందేహంతో హైదరాబాద్ చేరిన బ్రంటన్ లారీతో కలిసి వారాల తరబడి పనిచేశాడు.

కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి సుమారు 490 జంతువులను వాడారు. వాటిలో 120 జంతువులకు మానోమీటరు తగిలించి రక్తపీడనాన్ని గీతలుగా నమోదు చేశారు. ఆ గీతలన్నిటికీ ఫొటోలు తీసి భద్రపరిచారు. 1889 డిసెంబరులో బ్రంటన్ లండన్‌కు తంతి పంపాడు. ప్రమాదమంతా ఊపిరాడకపోవడం వల్ల, మోతాదు మించడం వల్ల వచ్చేదేననీ, గుండెపై నేరుగా వచ్చే ప్రమాదం లేదనీ దాని సారాంశం. పూర్తి నివేదిక 1890లో లాన్సెట్‌లో వెలువడింది.

ఖండన

తీర్పు ఎక్కువ కాలం నిలవలేదు. 1890లో ఆబర్డీన్‌లో మెక్‌విలియం క్లోరోఫాం వల్ల పిల్లుల గుండె ఉబ్బిపోవడం చూపాడు. 1893లో గాస్కెల్, షోర్ క్లోరోఫాం కలిసిన రక్తాన్ని మెదడుకూ గుండెకూ వేరువేరుగా పంపి చూశారు. రక్తపీడనం పడిపోవడానికి గుండె బలహీనపడటమే కారణమని వారు తేల్చారు.

అసలు చిక్కుముడి విప్పింది ఎ. గుడ్‌మన్ లెవీ. మత్తు ఇంకా పలుచగా ఉన్నప్పుడు శరీరంలో ఎడ్రినలిన్ పెరిగితే గుండె జఠరికలు లయ తప్పి వణికి ఆగిపోతాయని 1911లో పిల్లుల ప్రయోగాలతో నిరూపించాడు. భయంతో బల్లమీద పడుకున్న రోగులు మొదటి నిమిషాల్లోనే ఎందుకు పోయారో దీంతో అర్థమైంది. హైదరాబాద్‌లో ఎక్కువగా పరీక్షించింది మోతాదు మించిన మరణాన్ని. అందులో ఊపిరే ముందు ఆగుతుంది. హఠాన్మరణం దారి వేరు. కమిషన్ కళ్లతో చూసింది నిజమే, చూడని దాని గురించి కూడా తీర్పు చెప్పడమే దాని పొరపాటు.

వారసత్వం

లారీ కాలంలో హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన పార్సీ మహిళ రూపా బాయి ఫర్దూన్‌జీ నగరంలోని ఆసుపత్రుల్లో క్లోరోఫాం ఇచ్చేది. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను పలువురు చరిత్రకారులు గుర్తిస్తారు. నాటి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ధ్వంసం చేసింది. తరువాత ఉస్మానియా ఆసుపత్రి వెలసింది. వైద్య పాఠశాల ఉస్మానియా వైద్య కళాశాలగా ఎదిగింది.

ఊపిరి పరిశోధన ఆ తరువాత చాలా దూరం నడిచింది. రక్తంలోని కార్బన్ డయాక్సైడే మామూలు వేళల్లో ఊపిరి వేగాన్ని నిర్ణయిస్తుందని 1905లో హాల్డేన్, ప్రీస్ట్‌లీ చూపారు. మెడలోని కెరోటిడ్ ధమని దగ్గర రక్తంలోని వాయువులను పసిగట్టే గ్రాహకాలున్నాయని తేల్చిన హేమాన్స్‌కు 1938 నోబెల్ బహుమతి దక్కింది. 1950లలో మన దేశ శాస్త్రవేత్త ఏ. ఎస్. పైంటల్ ఊపిరితిత్తుల్లోని ‘జె’ గ్రాహకాలను కనుగొన్నాడు. మత్తుమందు కార్బన్ డయాక్సైడ్‌కు మెదడు స్పందించే తీరునే మందగింపజేస్తుందని ఇప్పుడు తెలుసు.

క్లోరోఫాం ఆపరేషన్ గదుల నుంచి తప్పుకుంది. నేటి గదిలో రోగి పక్కన ఉండే తెరమీద ఒక గీత నిశ్వాసంలోని కార్బన్ డయాక్సైడ్‌ను, మరో గీత గుండె లయను చూపిస్తాయి. లండన్, హైదరాబాద్‌లు ఒకదాన్ని వదిలి ఒకదాన్ని పట్టుకోమని వాదించిన ఆ రెండూ ఇప్పుడు ఒకే తెరమీద కలిసి నడుస్తున్నాయి. ఊపిరి మీద కన్ను తీయవద్దన్న లారీ పాఠం మత్తు వైద్యంలో మొదటి జాగ్రత్తగా మిగిలే ఉంది.