కందెన

మా తాతగారి ఎడ్లబండి కింద ఒక వెదురుగొట్టం వేలాడుతూ ఉండేది. అందులో ఆముదమూ, కాల్చిన గడ్డి మసీ కలిపిన కందెన. బండి కీచుమన్న చోట ఆపి, చీల తీసి, ఇరుసుకు పూసేవారు. ఆ నల్లని జిడ్డే మరో రూపంలో నా చేతులకు అంటింది, 1970ల చివర మా నాన్నగారి అంబాసడర్ కింద గోనెపట్టా పరచుకొని పడుకున్నప్పుడు. ఇంటి ముంగిట కారు నూనె మార్చుకోవడానికీ ఒక చరిత్ర ఉంటుందని అప్పుడు తోచలేదు.

1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టీ కారుకు నూనె కొలిచే పుల్ల లేదు. ఫ్లైవీలు గూటి అడుగున, ఒకదానికి కాస్త పైన మరొకటిగా, రెండు చిన్న కొళాయిలు. కిందిది తిప్పితే నూనె కారాలి. కారకపోతే పై కొళాయి మట్టం దాకా పోయాలి. అది చూడాలంటే యజమాని నేలమీద పాకవలసిందే! 1927లో ఆ కారు ఆగిపోయేనాటికి కోటిన్నర పైగా తయారయ్యాయి. కొన్నవారిలో పల్లెటూరి రైతులు ఎందరో. సొంత చేత్తో నూనె మార్చుకునే అలవాటు వారిలో ఉండేది. ఆ కారుకు నూనె వడగట్టే సాధనమూ లేదు. 1923లో స్వీట్‌లాండ్, గ్రీన్‌హాల్ష్ అనే ఇద్దరు అమెరికన్లు రూపొందించిన ప్యూరొలేటరుతో ఆ ముచ్చట మొదలైంది. డబ్బాలా చేత్తో తిప్పి బిగించే ఫిల్టరు 1954 నాటిది.

ఆముదం మాట వచ్చింది గనుక ఒక్కటి చెప్పాలి. మొదటి ప్రపంచయుద్ధంలో తిరుగుడు ఇంజన్ల విమానాలకు ఆముదమే కందెన. పెట్రోలులో అది కరగదు. లండనులోని వేక్‌ఫీల్డ్ కంపెనీ తన నూనెకు పెట్టిన క్యాస్ట్రాల్ అనే పేరు ఆముదానికి గల ఇంగ్లీషు పేరులోంచే వచ్చింది. తాతగారి వెదురుగొట్టానికి అంత పెద్ద చుట్టరికం!

మా అంబాసడరులో ఫిల్టరు ఒక ఇనుప గిన్నెలో ఉండేది. ఇంజనును పది నిమిషాలు తిప్పి వేడిచేసి, అడుగు బోల్టు విప్పితే సుమారు నాలుగు లీటర్ల నల్లని నూనె బేసినులోకి దూకేది. నాన్నగారు దానిని రెండువేళ్ళ మధ్య రాసి, వెలుతురుకు పట్టి చూసేవారు. ఇనుప రజను కనిపిస్తే ఆ రోజంతా మాట్లాడేవారు కారు.

పాత నూనె ఏమయ్యేది? కొంత కంచె గుంజలకు చెదపట్టకుండా పూసేవాళ్ళం. మిగిలినది పెరట్లో గులకరాళ్ళు నింపిన గుంటలో పోసేవాళ్ళం. గుంట తవ్వింది నేనే. బావికి పది గజాలుంటుంది. ఒక వేసవిలో అమ్మ, "బిందె మీద ఏదో తెట్టు కడుతోందండీ" అంది. నాన్నగారు చేద మార్చమన్నారు. గుంట సంగతి నేను ఎత్తలేదు.

ఆ గుంట ఉపాయం మా సొంతమని చాలాకాలం అనుకున్నాను. అమెరికాలో పాప్యులర్ సైన్స్ పత్రిక 1963 జనవరిలో పాఠకులకు సరిగ్గా అదే సలహా ఇచ్చిందని ఎన్నో ఏళ్ళ తర్వాత తెలిసింది. నేల తాగేస్తుంది, పైన మన్ను కప్పండి అన్నారు. ఒక గ్యాలను వాడిన నూనె పదిలక్షల గ్యాలన్ల మంచినీటిని చెరచగలదని ఆ దేశపు పర్యావరణ సంస్థే తరవాత ప్రకటించింది. నిజానికి నూనె అరిగిపోదు, మురికిపడుతుంది. శుద్ధిచేస్తే మళ్ళీ పనికొస్తుంది. మన కేంద్రప్రభుత్వం 2023 సెప్టెంబరులో ప్రకటించి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమలుచేసిన నియమాలు ఆ బాధ్యతను నూనె తయారీదారులపైనా దిగుమతిదారులపైనా పెట్టాయి.

ఇప్పటికీ నా కారు నూనె నేనే మార్చుకుంటాను. పాతది డబ్బాకెత్తి, శుద్ధికి పంపే వర్క్‌షాపులో ఇచ్చి వస్తాను. ఊళ్ళో ఆ ఇల్లు అమ్మేశాం. రిజిస్ట్రేషను నాడు పెరట్లోకి వెళ్ళి చూశాను. బావి చుట్టూ గరిక దట్టంగా ఉంది. గుంట ఉన్న మేర మాత్రం, ఒక చాపంత, నేల బోసిగా ఉంది.